హైపర్‌వైజర్ పాత వెర్షన్ ఫాస్టా, కొత్త వెర్షన్ ఫాస్టా: కాకి లెక్కలు లేకుండా తేల్చుకోవడం ఎలా

ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషిన్లని (వీఎంలని) నడిపే సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు, విఎంవేర్ వాళ్ళ ఈఎస్ఎక్స్ఐ, ఓపెన్ సోర్స్ ప్రాక్స్‌మాక్స్ అలాంటివే. దాన్ని అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఒకళ్ళు "సర్వర్లు స్లో అయిపోయాయండీ" అంటారు, ఇంకొకళ్ళు "లేదే, నా డేటాబేస్ ఇంకా స్పీడుగా ఉంది" అంటారు, ఇద్దరి దగ్గరా స్క్రీన్‌షాట్లు ఉంటాయి, తమాషా ఏంటంటే ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఈఎస్ఎక్స్ఐ 6.7 నుంచి 7.0కో 8.0కో, లేదా ప్రాక్స్‌మాక్స్ 7 నుంచి 8కో వెళ్ళినప్పుడు మారేది వెర్షన్ నంబర్ ఒక్కటే కాదు. దాంతోపాటు సీపీయూ మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) మారుతుంది, డ్రైవర్లు మారతాయి, సెక్యూరిటీ ప్యాచ్‌ల డిఫాల్ట్‌లు మారతాయి, కొత్తగా వీఎం క్రియేట్ చేస్తే దాని సెట్టింగులు కూడా మారిపోతాయి. నేను చూసినంతవరకు "కొత్త వెర్షన్ స్లో" అన్న గోలలో ఎక్కువ భాగం ఈ పక్కవాద్యాల వల్ల వచ్చిందే, అసలు హైపర్‌వైజర్ కోడ్ వల్ల వచ్చింది తక్కువ. అందుకే కింద చెప్పే స్టెప్పులన్నీ ఒకే పని కోసం, ఏ తేడా దేనివల్ల వచ్చిందో విడదీసి చూడటం కోసం.

ముందే చెప్తున్నా, ఇది గంటలో అయ్యే పని కాదు. ఖాళీగా ఉన్న ఒక సర్వర్, ఓ మూడు రోజుల టైమ్ పక్కన పెట్టుకోండి.

1. ముందు ప్రశ్న ఏంటో రాసుకోండి

"ఏది ఫాస్ట్" అనేది ప్రశ్న కాదండీ. "మా పోస్ట్‌గ్రెస్ వీఎం 8.0 మీద సెకనుకి అవే ట్రాన్సాక్షన్లు ఇస్తుందా, 99వ పర్సంటైల్ లేటెన్సీ (వంద రిక్వెస్టుల్లో 99 ఇంత టైమ్‌లోపే అయిపోయాయి అనే అంకె) పెరగకుండా" అనేది ప్రశ్న. లేదా "ఒక హోస్ట్ (వీఎంలని నడిపే సర్వర్) మీద ఇప్పుడు 30 వీఎంలు నడుస్తున్నాయి, కొత్త వెర్షన్‌లో కూడా 30 పడతాయా" అనేది ప్రశ్న. ఈ రెండింటికీ టెస్ట్ చేసే పద్ధతే వేరు, మొదటిదానికి ఒక్క వీఎం చాలు, రెండోదానికి హోస్ట్‌ని పూర్తిగా నింపాలి. ఎంత తేడా వస్తే మీరు నిర్ణయం మార్చుకుంటారో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. 5 శాతం తగ్గితే పర్లేదా, 10 తగ్గితే ఆపేస్తారా? రిజల్ట్ వచ్చాక గీత గీస్తే మనకి నచ్చిన వైపే గీస్తాం, అందరం అంతే.

2. ఒకే సర్వర్, రెండు బూట్ డిస్కులు

రెండు వేర్వేరు సర్వర్ల మీద రెండు వెర్షన్లు వేసి పోల్చకండి, మోడల్ ఒకటే అయినా సరే. ర్యామ్ స్టిక్కులు వేరే స్లాట్లలో ఉండొచ్చు, ఒక ఫ్యాన్ సరిగ్గా తిరగకపోవచ్చు, ఒకే మోడల్ సీపీయూలు రెండు కూడా టర్బోలో అచ్చం ఒకేలా ఉండవు. ఒకే సర్వర్ తీసుకుని రెండు చిన్న బూట్ ఎస్ఎస్‌డీలు పెట్టండి, ఒకదాంట్లో పాత వెర్షన్ ఫ్రెష్‌గా, ఇంకోదాంట్లో కొత్తది ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చెయ్యండి. టెస్ట్ వీఎంల డిస్కులు వేరే డేటాస్టోర్‌లో (వీఎంల డిస్క్ ఫైళ్ళు పెట్టే స్టోరేజ్‌లో) ఉండాలి, బూట్ డిస్క్ మారినా అవి కదలకూడదు.

అప్‌గ్రేడ్ చేసి మళ్ళీ వెనక్కి వెళ్దాంలే అనుకుంటే బోల్తా పడతారు. ఈఎస్ఎక్స్ఐ 7.0లో బూట్ డిస్క్ పార్టిషన్ లేఅవుట్ మొత్తం మార్చేశారు, 6.7 నుంచి 7.0కి వెళ్ళాక వెనక్కి రోల్‌బ్యాక్ అవ్వదు. ఇంకో విషయం, 7.0లో లినక్స్ నుంచి తెచ్చుకున్న పాత విఎంకేలినక్స్ డ్రైవర్లని పూర్తిగా తీసేశారు, నేటివ్ డ్రైవర్లు మాత్రమే ఉంటాయి. అంటే మీ పాత నెట్‌వర్క్ కార్డో రెయిడ్ కార్డో వేరే డ్రైవర్ మీద నడవొచ్చు, అసలు కనిపించకపోనూవచ్చు, కాబట్టి కంపాటిబిలిటీ లిస్ట్ చూసుకునే మొదలుపెట్టండి.

డేటాస్టోర్ విషయంలో పెద్ద చిక్కు లేదు, ఈఎస్ఎక్స్ఐ ఫైల్‌సిస్టమ్ వీఎంఎఫ్ఎస్ 6 అనేది 6.5 నుంచే ఉంది, 6.7, 7.0, 8.0 మూడూ చదువుతాయి. ఈఎస్ఎక్స్ఐకి 60 రోజుల ఎవాల్యుయేషన్ మోడ్ ఉంటుంది కాబట్టి లైసెన్స్ కీ కోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

3. బయాస్‌ని తాళం వేసేయండి

ఇక్కడ నా సొంత పరువు తీసుకునే కథ ఒకటి చెప్తా. ఒకసారి కొత్త వెర్షన్ మీద సీపీయూ టెస్టులన్నీ బాగా తగ్గాయని పెద్ద మెయిల్ కొట్టా, గ్రాఫులతో సహా. రెండు రోజుల తర్వాత తెలిసింది ఏంటంటే మధ్యలో నేనే సర్వర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశా, అది బయాస్ పవర్ ప్రొఫైల్‌ని డిఫాల్ట్‌కి తిప్పేసింది. హైపర్‌వైజర్ పాపం ఏమీ చెయ్యలేదు. ఆ మెయిల్ వెనక్కి తీసుకుంటూ ఇంకో మెయిల్ రాయాల్సి వచ్చింది, అది మొదటిదానికంటే చాలా చిన్నది.

కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఏమైనా ఉంటే టెస్ట్ మొదలవ్వకముందే చేసేసి, అయ్యేదాకా మళ్ళీ ముట్టుకోకండి. బయాస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ఎవరి చేతిలో ఉందో చూడండి, హార్డ్‌వేర్ చేతిలోనా, ఓఎస్ చేతిలోనా అని. ఓఎస్ చేతిలో ఉంటే హైపర్‌వైజర్‌లో ఉన్న పవర్ పాలసీ కూడా లెక్కలోకి వస్తుంది, ఈఎస్ఎక్స్ఐలో డిఫాల్ట్ బ్యాలెన్స్‌డ్, రెండు వెర్షన్లలోనూ హై పర్ఫార్మెన్స్ పెట్టి అప్పుడు పోల్చండి. లినక్స్ మీద నడిచే కేవీఎం (ప్రాక్స్‌మాక్స్ లోపల ఉండే హైపర్‌వైజర్ ఇదే) అయితే సీపీయూ గవర్నర్ ఏముందో చూడండి, కెర్నెల్ మారినప్పుడు ఆ డిఫాల్ట్ కూడా మారే ఛాన్స్ ఉంది.

టర్బో బూస్ట్ సంగతి: పోలిక కోసం దాన్ని ఆపేయమనే చెప్తా. టర్బో ఆన్‌లో ఉంటే మొదటి రన్‌లో చిప్ చల్లగా ఉండి ఒక నంబర్ ఇస్తుంది, పదో రన్‌కి వేడెక్కి ఇంకోటి ఇస్తుంది, మనం ఆ తేడాని వెర్షన్ నెత్తిన రుద్దుతాం. చివర్లో ఒక సెట్ మాత్రం టర్బో ఆన్ చేసి చెయ్యండి, ప్రొడక్షన్‌లో ఉండేది అదే కదా. హైపర్‌థ్రెడింగ్ ప్రొడక్షన్‌లో ఎలా ఉందో అలాగే ఉంచండి.

4. వీఎంని కొత్తగా క్రియేట్ చెయ్యకండి, ఉన్నదాన్నే వాడండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. పాత వెర్షన్‌లో ఒక వీఎం క్రియేట్ చేసి టెస్ట్ చేస్తారు, కొత్త వెర్షన్‌లో విజార్డ్ ఓపెన్ చేసి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టి అదే సైజులో ఇంకో వీఎం క్రియేట్ చేస్తారు, రెండూ ఒకటే అనుకుంటారు. కావు.

ప్రాక్స్‌మాక్స్‌నే తీసుకోండి. 2023 జూన్‌లో వచ్చిన 8.0లో కొత్త వీఎంకి డిఫాల్ట్ సీపీయూ టైప్ మార్చేశారు, అంతకుముందు కేవీఎం64 ఉండేది, ఇప్పుడు ఎక్స్86-64-వీ2-ఏఈఎస్. కేవీఎం64 అంటే చాలా పాతకాలపు ప్రాసెసర్ మోడల్, అందులో ఎన్‌క్రిప్షన్‌ని వేగంగా చేసే ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు గెస్ట్‌కి (వీఎం లోపలి ఓఎస్‌కి) కనపడవు. కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్న పని ఏదైనా సరే, ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్ టెస్ట్ కానీ హెచ్‌టీటీపీఎస్ సర్వర్ కానీ, 8లో క్రియేట్ చేసిన వీఎం ఎన్నో రెట్లు ఫాస్ట్‌గా కనపడుతుంది. "వావ్ 8 సూపర్" అనుకుంటాం. ఆ సీపీయూ టైప్‌ని 7లో హోస్ట్ అని పెట్టినా అదే స్పీడ్ వచ్చేది! డిస్క్ కంట్రోలర్ డిఫాల్ట్‌లు, ఐఓ థ్రెడ్ లాంటివి కూడా ఇలాగే వెర్షన్ వెర్షన్‌కి మారుతూ వచ్చాయి.

అందుకే పాత వెర్షన్‌లో ఒక వీఎం సెటప్ చేసి, దాని డిస్కూ కాన్ఫిగ్ ఫైలూ అలాగే కొత్త వెర్షన్‌లో రిజిస్టర్ చేసి వాడండి. సీపీయూ టైప్, మెషిన్ టైప్, కంట్రోలర్, క్యాష్ మోడ్, నెట్‌వర్క్ కార్డ్ మోడల్ అన్నీ స్పష్టంగా పేరు పెట్టి ఫిక్స్ చెయ్యండి, డిఫాల్ట్ అనే మాట ఎక్కడా మిగలకూడదు.

ఈఎస్ఎక్స్ఐలో దీనికి సమానమైనది వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్. 6.7కి 14, 7.0కి 17, 8.0కి 20. ముందు 14 మీదే ఉంచి రెండు చోట్లా టెస్ట్ చెయ్యండి, అది హైపర్‌వైజర్ తేడా చెప్తుంది. తర్వాత క్లోన్ తీసి దాన్ని 20కి పెంచి కొత్త వెర్షన్ మీద మళ్ళీ చెయ్యండి, అది హార్డ్‌వేర్ వెర్షన్ తేడా చెప్తుంది. క్లోన్ ఎందుకంటే 20కి పెంచిన వీఎం మళ్ళీ 6.7 మీద లేవదు. అడాప్టర్లు డిస్క్‌కి పీవీఎస్‌సీఎస్ఐ, నెట్‌వర్క్‌కి విఎంఎక్స్‌నెట్3 ఉండేలా చూసుకోండి, పాత ఇంటెల్ కార్డ్‌ని అనుకరించే ఈ1000 మీద నెట్‌వర్క్ టెస్ట్ చేసి వెర్షన్‌ని తిట్టడం అన్యాయం.

వీఎం సైజు ఒక నూమా నోడ్‌లో (మామూలుగా ఒక సాకెట్ కోర్లూ వాటి పక్కనున్న ర్యామూ కలిపి) పట్టేలా పెట్టండి. సాకెట్‌కి 12 కోర్లు ఉన్న బాక్స్ మీద 16 వీసీపీయూల (వర్చువల్ సీపీయూల) వీఎం పెడితే అది రెండు నోడ్‌ల మీద చీలిపోతుంది, ఎలా చీల్చాలో వెర్షన్‌ని బట్టి మారుతుంది, రన్ రన్‌కీ నంబర్ ఊగుతుంది. పెద్ద వీఎంలే మీ ప్రశ్న అయితే తప్పదు, అది వేరే టెస్ట్‌గా పెట్టుకోండి. స్నాప్‌షాట్లు ఉంటే తీసేయండి. మెమరీ మొత్తం రిజర్వ్ చెయ్యండి, బెలూనింగ్ (హోస్ట్ వీఎం దగ్గర్నుంచి ర్యామ్ వెనక్కి లాక్కోవడం) గొడవ ఉండదు.

5. కనపడకుండా మారేవి: మైక్రోకోడ్, మిటిగేషన్లు, గెస్ట్ కెర్నెల్

2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే సీపీయూ సెక్యూరిటీ లోపాలు బయటపడ్డాయి, అదే ఏడాది ఆగస్టులో ఎల్1టీఎఫ్, 2019 మేలో ఎండీఎస్, 2022 జులైలో రెట్‌బ్లీడ్, 2023 ఆగస్టులో డౌన్‌ఫాల్. ప్రతీదానికీ ప్యాచ్ వచ్చింది (వీటినే మిటిగేషన్లు అంటారు), చాలావాటికి స్పీడ్ రూపంలో కొంత కట్టాల్సి వచ్చింది. మీ పాత వెర్షన్ 2018లో ఇన్‌స్టాల్ చేసి వదిలేసింది అయ్యుండి కొత్తది నిన్న డౌన్‌లోడ్ చేసింది అయితే, మీరు పోల్చేది రెండు వెర్షన్లని కాదు, తలుపులు తీసి ఉన్న ఇంటినీ తాళాలు వేసిన ఇంటినీ పోలుస్తున్నారు.

పాత వెర్షన్‌కి దాని ఆఖరి ప్యాచ్ వరకు వేసి అప్పుడు టెస్ట్ చెయ్యండి. ఇందులో ఇంకో మెలిక ఉంది, మైక్రోకోడ్ బయాస్ నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ ఈఎస్ఎక్స్ఐ తన ప్యాచ్‌లతో పాటు మైక్రోకోడ్ కూడా తెచ్చుకుని బూట్‌లో లోడ్ చేస్తుంది, లినక్స్ కూడా అంతే. అంటే బయాస్ ముట్టుకోకపోయినా బూట్ డిస్క్ మారగానే మైక్రోకోడ్ మారొచ్చు. రెండు వైపులా బూట్ అయ్యాక మైక్రోకోడ్ రివిజన్ నంబర్ రాసుకోండి. దీనికి ఒక మంచి ఉపాయం, ముందే బయాస్‌ని లేటెస్ట్ చేసేస్తే రెండు వెర్షన్ల దగ్గర ఉన్నదానికంటే బయాస్‌లోదే కొత్తది అవుతుంది, అప్పుడు ఇద్దరూ దాన్నే వాడతారు.

మిటిగేషన్ల సెట్టింగ్ కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి. ఎల్1టీఎఫ్ బారిన పడే సీపీయూలకి ఈఎస్ఎక్స్ఐలో సైడ్ ఛానల్ అవేర్ షెడ్యూలర్ (షెడ్యూలర్ అంటే ఏ వీఎంకి కోర్ ఎప్పుడివ్వాలో తేల్చే భాగం) అని ఉంటుంది, దాన్ని మనమే ఆన్ చెయ్యాలి. మొదట వచ్చిన రకం ఒక కోర్‌లో ఒక్క థ్రెడ్‌నే వాడుకుంటుంది, హోస్ట్ ఖాళీగా ఉంటే ఏమీ తెలియదు, నిండుగా ఉంటే బాగా దెబ్బ తగులుతుంది. 6.7 అప్‌డేట్ 2లో వచ్చిన రెండో రకం కొంచెం నయం. పాత హోస్ట్‌లో ఇది ఆన్‌లో ఉండి కొత్త ఇన్‌స్టాల్‌లో ఆఫ్‌లో ఉందనుకోండి, కొత్త వెర్షన్ హీరో అయిపోతుంది, అసలు కారణం ఎవరికీ తెలియదు. కేవీఎం హోస్ట్ అయితే సిస్ ఫైల్‌సిస్టమ్‌లో సీపీయూ కింద వల్నరబిలిటీస్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ఫైళ్ళన్నీ రెండు వెర్షన్లలోనూ కాపీ చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

గెస్ట్ లోపల కూడా ఇదే కథ. 2022 సెప్టెంబర్‌లో విఎంవేర్ పర్ఫార్మెన్స్ టీమ్ లినక్స్ కెర్నెల్ మెయిలింగ్ లిస్ట్‌లో ఒక రిపోర్ట్ పెట్టింది, ఈఎస్ఎక్స్ఐ మీద నడిచే లినక్స్ వీఎంలో కెర్నెల్ 5.18 నుంచి 5.19కి మారితే కంప్యూట్ పనులు 70 శాతం వరకు పడిపోయాయని. కారణం రెట్‌బ్లీడ్ మిటిగేషన్. హైపర్‌వైజర్ అదే, హార్డ్‌వేర్ అదే, మారింది గెస్ట్ కెర్నెల్ మాత్రమే. కాబట్టి గెస్ట్‌లో ఆటో అప్‌డేట్లు ఆపేయండి. ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా, సోమవారం రన్‌కీ బుధవారం రన్‌కీ మధ్యలో గెస్ట్ తనంతట తాను ప్యాచ్ అయిపోతుంది.

కేవీఎం వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. అక్కడ వెర్షన్ అంటే నిజానికి కెర్నెల్, క్యూఈఎంయూ (వీఎంకి వర్చువల్ హార్డ్‌వేర్ చూపించే ప్రోగ్రామ్), డిఫాల్ట్‌లు అని మూడు ముక్కలు. ప్రాక్స్‌మాక్స్ 8.0 వచ్చినప్పుడు కెర్నెల్ 6.2, క్యూఈఎంయూ 8.0తో వచ్చింది, 8 సిరీస్‌లోనే తర్వాత 6.5, 6.8 కెర్నెల్స్ కూడా ఇచ్చారు. కెర్నెల్‌ని పిన్ చేసుకోవచ్చు కాబట్టి క్యూఈఎంయూ అలాగే ఉంచి కెర్నెల్ ఒక్కటే మార్చి చూడొచ్చు. ఈఎస్ఎక్స్ఐలో ఆ వీలు లేదు, మొత్తం ఒకే మూట.

6. ముందు పాతదాన్ని పాతదాంతోనే పోల్చండి

వినడానికి పిచ్చిగా ఉంటుంది కానీ నా లెక్కలో ఈ మొత్తంలో అతి ముఖ్యమైన స్టెప్ ఇదే. పాత వెర్షన్ బూట్ చేసి టెస్టులన్నీ చేసి దానికి "ఏ" అని పేరు పెట్టండి. రీబూట్ చేసి, అదే వెర్షన్ మీద, ఏమీ మార్చకుండా మళ్ళీ అన్నీ చేసి దానికి "బీ" అని పేరు పెట్టండి. ఇప్పుడు ఏకీ బీకీ మధ్య తేడా ఎంతొచ్చింది? సున్నా రావాలి, రాదు. సీపీయూ టెస్ట్‌లో అర శాతం ఊగొచ్చు, డిస్క్ టెస్ట్‌లో 4 శాతం ఊగొచ్చు, మీ సెటప్‌ని బట్టి ఉంటుంది. అదే మీ నాయిస్. మీ డిస్క్ టెస్ట్ తనతో తనే పోల్చుకుంటే 4 శాతం ఊగుతుంటే, కొత్త వెర్షన్‌లో 3 శాతం తగ్గిందని చెప్పే హక్కు మీకు లేదు. నాయిస్ ఎక్కువ ఉంటే టెస్ట్ బాగుచేసుకోండి, రన్ టైమ్ పెంచండి, వార్మప్ పెంచండి, ఇంకెవరైనా ఆ స్టోరేజ్‌ని వాడుతున్నారేమో చూడండి, బ్యాకప్ జాబ్ ఒకటి రాత్రి రెండింటికి లేస్తుంటుంది దాన్ని ఆపండి.

ఇంకోటి, ఒకే బూట్‌లో 20 రన్లు చేసేకంటే 3 బూట్లలో ఐదేసి రన్లు చెయ్యడం మంచిది. బూట్ అయిన ప్రతిసారీ మెమరీ వేరేలా పంచుకుంటుంది, ఒక బూట్‌లో వచ్చిన నంబర్లన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండి ఇంకో బూట్‌లో మొత్తం గుంపుగా పక్కకి జరగొచ్చు.

7. అసలు టెస్టులు

సీపీయూకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 7జిప్ బెంచ్‌మార్క్, సిస్‌బెంచ్ లేదా ఒక కెర్నెల్ కంపైల్, ఏదైనా పర్లేదు. ఉత్త లెక్కలు చేసే పని హైపర్‌వైజర్‌ని దాదాపుగా ముట్టుకోదు, సీపీయూ మీద నేరుగా నడుస్తుంది, కాబట్టి ఇక్కడ తేడా రాకూడదు. వచ్చిందంటే మూడో స్టెప్‌లో ఏదో తప్పు జరిగిందని అర్థం, వెనక్కి వెళ్ళండి. కంపైల్ నాకెందుకు ఇష్టమంటే అది బోలెడు ప్రాసెస్‌లని పుట్టించి చంపుతుంది, సిస్టమ్ కాల్స్, పేజ్ టేబుల్స్ పని తగులుతుంది, మిటిగేషన్ల ఖరీదు అక్కడే బయటపడుతుంది.

డిస్క్ దగ్గర నిదానంగా ఉండండి. ఎఫ్ఐఓ అనే డిస్క్ టెస్ట్ టూల్ వాడండి, డైరెక్ట్ ఆప్షన్ ఆన్ చెయ్యండి, లేకపోతే గెస్ట్ ర్యామ్ స్పీడ్‌ని డిస్క్ స్పీడ్ అనుకుని సంబరపడతారు. కొత్త ఎస్ఎస్‌డీ ఖాళీగా ఉన్నప్పుడు ఇచ్చే స్పీడ్ నిజం కాదు, టెస్ట్ ఫైల్ ఏరియా మొత్తాన్ని ముందు రెండుసార్లు రాసి నింపి అప్పుడు కొలవండి. వీఎం డిస్క్ థిన్ (రాసినప్పుడే జాగా తీసుకునే రకం) అయితే మొదటిసారి రాసే ప్రతి బ్లాక్‌కీ అదనపు పని ఉంటుంది, కాబట్టి ఈగర్ జీరోడ్ థిక్ (జాగా మొత్తం ముందే తీసుకుని సున్నాలతో నింపే రకం) పెట్టండి లేదా ముందే నింపేయండి. మూడు రకాలు చాలు: 4కే ర్యాండమ్ రీడ్ క్యూ డెప్త్ 1తో (ఒకేసారి ఒక్క రిక్వెస్టే), 4కే ర్యాండమ్ రీడ్ రైట్ 70:30 క్యూ డెప్త్ 32తో, 1 ఎంబీ సీక్వెన్షియల్. హైపర్‌వైజర్ పాత్ ఎంత టైమ్ తింటుందో తెలిసేది క్యూ డెప్త్ 1 లేటెన్సీలో, అందుకే అది వదలకండి. వార్మప్ ఒక నిమిషం, రన్ ఐదు నిమిషాలు. క్యాష్ మోడ్ రైట్‌బ్యాక్ పెట్టిన కేవీఎం వీఎంతో వచ్చే రైట్ నంబర్లు చూసి మురిసిపోకండి, అవి హోస్ట్ ర్యామ్‌లో పడుతున్నాయి.

నెట్‌వర్క్‌కి ఐపెర్ఫ్3 వాడతాం అందరం. 3.16కి ముందు వెర్షన్లలో ఎన్ని స్ట్రీమ్‌లు పెట్టినా ఒకే థ్రెడ్ మీద నడిచేది, 3.16 నుంచి స్ట్రీమ్‌కో థ్రెడ్. కాబట్టి ఆ టూల్ వెర్షన్ కూడా ఒకటే ఉండాలి, హైపర్‌వైజర్ వెర్షన్ పోలుద్దామని కూర్చుని ఐపెర్ఫ్ వెర్షన్లని పోల్చి లేస్తారు లేకపోతే. 10 గిగాబిట్ లింక్ మీద పాతదీ కొత్తదీ రెండూ 9.4 గిగాబిట్ చూపిస్తాయి, ఎందుకంటే లింక్ అక్కడే నిండిపోయింది, తేడా లేదనుకోకండి, ఆ 9.4 ఇవ్వడానికి హోస్ట్ ఎంత సీపీయూ ఖర్చుపెట్టిందో చూడండి. అసలు తేడా తరచుగా అక్కడే దాక్కుంటుంది. చిన్న ప్యాకెట్లు, రిక్వెస్ట్ రెస్పాన్స్ తరహా టెస్ట్ కూడా ఒకటి పెట్టుకోండి.

చివరిగా మీ సొంత అప్లికేషన్. పోస్ట్‌గ్రెస్ అయితే పీజీబెంచ్, ఎస్‌క్యూఎల్ సర్వర్ లేదా ఒరాకిల్ అయితే హ్యామర్‌డీబీ. లోడ్ పంపే క్లయింట్ వేరే ఫిజికల్ మెషిన్ మీద ఉండాలి, టైమ్ కూడా అక్కడే కొలవాలి, ఎందుకంటే హోస్ట్ నిండుగా ఉన్నప్పుడు వీఎంకి కాసేపు సీపీయూ దొరకదు, ఆ కాసేపట్లో జరిగింది దాని లోపల నుంచి చూస్తే సరిగ్గా కనపడదు. మైగ్రేషన్ మీకు ముఖ్యమైతే అదీ కొలవండి, 7.0లో వీమోషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో హోస్ట్‌కి జరపడం) మెమరీ ట్రాకింగ్ పద్ధతి మార్చారు, పెద్ద వీఎంలకి తేడా తెలుస్తుంది, కాబట్టి డేటాబేస్ మీద లోడ్ నడుస్తుండగా వీఎంని జరిపి ట్రాన్సాక్షన్లు ఎన్ని సెకన్లు ఎంత కిందకి పడ్డాయో గ్రాఫ్ తీసుకోండి.

8. ఇప్పుడు హోస్ట్‌ని నింపండి

ఒక్క వీఎంతో రెండు వెర్షన్లూ ఒకేలా కనపడటం మామూలే. షెడ్యూలర్‌కి పని తగిలేది జనం ఎక్కువైనప్పుడే. వీఎంని క్లోన్ చేసి మొత్తం వీసీపీయూలు కోర్లలో సగం అయ్యేలా ఒకసారి, సమానంగా ఒకసారి, ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు అలా పెంచుకుంటూ పోండి. ప్రతి మెట్టు దగ్గరా మొత్తం త్రూపుట్, 99వ పర్సంటైల్ లేటెన్సీ రెండూ రాసుకోండి, యావరేజ్ లేటెన్సీ ఒక్కటే రాసుకుంటే అది అందంగా అబద్ధం చెప్తుంది. ఏఎండీ ఎపిక్ సర్వర్లు ఉన్నవాళ్ళు ఈ స్టెప్ అస్సలు వదలొద్దు, 7.0 అప్‌డేట్ 2లో జెన్ (Zen) సీపీయూల కోసం షెడ్యూలర్‌ని ప్రత్యేకంగా ట్యూన్ చేశారు, కాబట్టి 7.0 అని ఊరికే రాసుకుంటే చాలదు, అప్‌డేట్ నంబర్, బిల్డ్ నంబర్ కూడా కావాలి.

విఎంవేర్ వాళ్ళ విఎంమార్క్ చేసేది కూడా దాదాపు ఇదే, రకరకాల పనులున్న వీఎంల గుంపుని ఒక టైల్ అంటారు, టైల్స్ పెంచుకుంటూ పోతారు. దాన్ని సెటప్ చెయ్యడానికే వారం పడుతుంది, మన అవసరానికి అంత అక్కర్లేదు, ఆ ఆలోచన తీసుకుంటే చాలు.

రన్ నడుస్తున్నంతసేపూ హోస్ట్ వైపు కౌంటర్లు రికార్డ్ అవుతుండాలి. ఈఎస్ఎక్స్ఐలో ఉండే ఈఎస్ఎక్స్‌టాప్ అనే టూల్‌ని బ్యాచ్ మోడ్‌లో పెట్టేయండి. రెడీ శాతం అంటే వీఎం పరిగెత్తడానికి రెడీగా ఉండి కూడా కోర్ దొరక్క లైన్‌లో నిలబడ్డ టైమ్, అది వీసీపీయూకి 5 దాటితే ఒక కన్నేసి ఉంచండి, 10 దాటితే దెబ్బ తెలుస్తుంది. గ్రూపు లైన్‌లో కనపడేది వీఎంలో అన్ని వీసీపీయూల మొత్తం, కంగారు పడకుండా భాగించుకోండి. విఎంవేర్ మేనేజ్‌మెంట్ టూల్ వీసెంటర్ గ్రాఫ్‌లో అదే విషయం మిల్లీసెకన్లలో ఉంటుంది, రియల్‌టైమ్ చార్ట్ శాంపిల్ 20 సెకన్లు, కాబట్టి 1000 మిల్లీసెకన్లంటే 5 శాతం. స్టోరేజ్‌కి డీఏవీజీ, కేఏవీజీ చూడండి, మొదటిది డిస్క్ తీసుకున్న టైమ్, రెండోది హైపర్‌వైజర్ లోపల పోయిన టైమ్. కొత్త వెర్షన్‌లో డిస్క్ స్లో అయిందని తేలితే పెరిగింది ఈ రెండింట్లో ఏదో చూడండి, కేఏవీజీ మామూలుగా దాదాపు సున్నా ఉండాలి. డీఏవీజీ పెరిగితే డ్రైవర్‌నో స్టోరేజ్‌నో అనుమానించాలి. కేవీఎంలో గెస్ట్ లోపల స్టీల్ టైమ్ అని కనపడుతుంది, అది ఈ రెడీ టైమ్‌కి చుట్టమే.

9. వరస కూడా ముఖ్యం

పాతది మొత్తం అయిపోయాక కొత్తది మొత్తం అని చెయ్యకండి. పాత, కొత్త, పాత, కొత్త అని మార్చి మార్చి బూట్ చెయ్యండి. రూమ్ టెంపరేచర్ మారినా, ఎస్ఎస్‌డీ అరిగినా, ఆ మార్పు రెండు వైపులా పంచుకుపోతుంది. కష్టమే, కానీ ఆ రెండు బూట్ డిస్కులు పెట్టుకుంది ఇందుకే కదా.

10. నంబర్లు చదవడం

ప్రతి టెస్ట్‌కీ మీడియన్ తీసుకోండి, కనిష్ఠం గరిష్ఠం పక్కన రాయండి. పాతదాని రేంజ్, కొత్తదాని రేంజ్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే "తేడా లేదు" అని రాసేయండి, అది కూడా రిజల్టే, ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రేంజ్‌లు విడిగా ఉండి తేడా ఆరో స్టెప్‌లో వచ్చిన నాయిస్ కంటే పెద్దదైతే అప్పుడు అది నిజం తేడా.

నిజం తేడా దొరికిందంటే అసలు ఇంట్రెస్టింగ్ పని మొదలవుతుంది. ఒక్కోటీ పాత స్థితికి తిప్పి చూడండి, కొత్త వెర్షన్ మీద పాత హార్డ్‌వేర్ వెర్షన్, తర్వాత మిటిగేషన్ సెట్టింగ్, తర్వాత పవర్ పాలసీ, తర్వాత డ్రైవర్ వెర్షన్, ఒకసారికి ఒక్కటే. ఏది తిప్పితే తేడా మాయమైందో అదే దొంగ. ఏది తిప్పినా పోకపోతే మధ్యలో అప్‌డేట్‌ని ఒకటి బూట్ చేసి చూడండి, 7.0కీ 8.0కీ మధ్య అయితే 7.0 అప్‌డేట్ 3 లాంటిది, అలా సగానికి సగం తగ్గించుకుంటూ వెళ్తే ఏ బిల్డ్‌లో మొదలైందో దొరుకుతుంది. సపోర్ట్ టికెట్ ఓపెన్ చేసేటప్పుడు "స్లోగా ఉంది" అని రాసినదానికీ "ఈ బిల్డ్ వరకు బాగుంది, ఈ బిల్డ్ నుంచి 4కే రీడ్‌లో కేఏవీజీ ఇంత పెరిగింది" అని రాసినదానికీ వచ్చే సమాధానం ఒకేలా ఉండదు, మొదటిదానికి లాగ్స్ పంపమంటారు, రెండోదానికి ఇంజినీర్ మాట్లాడతాడు.

రిజల్ట్ బయట పెట్టాలనుకుంటే మాత్రం లైసెన్స్ అగ్రిమెంట్ ఒకసారి చదవండి. విఎంవేర్ లైసెన్స్‌లో బెంచ్‌మార్క్ నంబర్లు బయట ప్రచురించడానికి ముందుగా వాళ్ళ పరిశీలన, అనుమతి కావాలనే షరతు చాలాకాలంగా ఉంది, లోపల మీ ఆఫీసులో వాడుకోవడానికి అడ్డం లేదు. ప్రాక్స్‌మాక్స్, మామూలు కేవీఎం, జెన్ (Xen, పైన చెప్పిన సీపీయూ కాదు) లాంటి ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్లకి ఈ గొడవ లేదు.

పాత వెర్షన్ ఉన్న ఆ బూట్ డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యకండి. దాని మీద బిల్డ్ నంబర్, మైక్రోకోడ్ రివిజన్, తేదీ రాసిన స్టిక్కర్ ఒకటి అంటించి డ్రాయర్‌లో పడెయ్యండి, అప్‌గ్రేడ్ అయిన నెలకి ఎవరో వచ్చి "అప్పట్లో ఫాస్ట్‌గా ఉండేది" అంటారు, అప్పుడు తీసి బూట్ చేసి చూపించొచ్చు.